ఊరిని ఏ దిక్కు నుంచి విడిచిపోయారు?

విదేశాల్లో ఉండి ఇంగ్లీషులో రాసే భారతీయ నవలాకారుల మీద ఒక పాత విమర్శ ఉంది: దేశానికి దూరమయ్యారు కాబట్టి దేశం వాళ్లకు అర్థం కాదని. ఇది సగమే నిజం. ఊరిని ఏ దిక్కు నుంచి విడిచిపోయారన్నది అసలు ప్రశ్న.

రోహింటన్ మిస్త్రీ 1975లో బొంబాయి విడిచి కెనడా వెళ్లారు. 1995లో వచ్చిన ఆయన నవల 'ఎ ఫైన్ బ్యాలెన్స్'లో ఈశ్వర్, ఓం చమార్లు. కులవృత్తి వదిలి దర్జీలైనవాళ్లు. తన ఓటు తానే వేసుకుంటానన్న నారాయణ్‌ను ఠాకూర్ చంపిస్తాడు, ఇల్లు తగలబెట్టిస్తాడు. మిగిలిన ఇద్దరూ ఎమర్జెన్సీ ఆపరేషన్లకు బలై చివరికి బిచ్చగాళ్లవుతారు. ఇంత నిజం రాసినందుకు మిస్త్రీని మెచ్చుకోవాల్సిందే. కానీ ఎదిరించినోడు చావాలి, బతికినోడు అడుక్కోవాలి. దళితునికి మూడో దారి లేదా? 1972లోనే బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టింది. ఆ గాలి ఈ దర్జీలకు సోకదు.

మా దిక్కు సంగతి చూద్దాం. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా జనగామ, భూపాలపల్లి, మేం మానుకోట అని పిలిచే మహబూబాబాద్ వరంగల్ జిల్లాలోవే. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దొర మీద కొట్లాడి తన పంట తను దక్కించుకున్నది. కడవెండిలో 1946 జూలై 4న ఆ దొర మనుషుల తుపాకికి దొడ్డి కొమురయ్య నేలకొరిగిండు. ఆ చావుతో కథ ముగియలేదు, ఊర్లకు ఊర్లు లేచినయి.

ఆ పక్కనే కాజీపేటలో పెరిగిన సుజాత గిడ్ల న్యూయార్క్ సబ్‌వేలో కండక్టరుగా పనిచేస్తూ 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' తెచ్చారు. అది నవల కాదు, ఒక దళిత క్రైస్తవ కుటుంబ చరిత్ర. ఆమె మేనమామ కె.జి. సత్యమూర్తి, 1980లో కొండపల్లి సీతారామయ్యతో కలిసి పీపుల్స్‌వార్ పెట్టిన శివసాగర్. పార్టీలో కూడా కులాన్ని బట్టే పని పంచుతున్నరని, మంగలి కార్యకర్త గడ్డాలు గీయాలి, చాకలి కార్యకర్త బట్టలుతకాలి అన్నట్టుందని పిల్లలు మొరపెట్టుకున్నరట. ఆ మాట ఎత్తినందుకే ఆయనను వెళ్లగొట్టారని ఆమె రాశారు.

ఇందులోనూ పీడన ఉంది. దాంతోపాటు ఊరు పేరుంది, మనిషి పేరుంది, సొంతోళ్లతో కూడా తెగించి వాదించే దళితుడున్నడు. న్యూయార్క్ మనకు కెనడా కంటే దగ్గరేం కాదు. ఆమె బయలుదేరింది వాడ నుంచి, అదీ తేడా.

మా ఇంట్ల యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. మేం చదివిన నవలల్ల మా వాడ ఏడ్చేది, ఆలోచించేది కాదు. మన మీద పుస్తకాలు వస్తున్నయంటే సంతోషమే. ఆ పుస్తకాల్లో మన నోటికి ఏడుపొక్కటే ఇచ్చిన్రా, మాట కూడా ఇచ్చిన్రా అని అడగడం మన పరిశోధకుల బాధ్యత.