రాళ్ల దారిలో ఇరుసు

దొనకొండ అనగానే ఈ తరం వాళ్లకు రెండు సంగతులు గుర్తొస్తాయి. ఒకటి రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లీషు వాళ్లు వేసిన ఎయిర్‌స్ట్రిప్. రెండోది 2014లో రాష్ట్ర రాజధాని ఇక్కడికే వస్తుందని జరిగిన ప్రచారం. ఊళ్లో పెద్దవాళ్లను కదిపితే మాత్రం మాట లోకో షెడ్డు మీదికి పోతుంది. మీటర్ గేజి పట్టాల మీద ఆవిరి ఇంజన్లు తిరిగిన రోజుల్లో దొనకొండ రైల్వే ఊరు. ఈ వారం నేను రాస్తున్నది ఆ ఇంజన్ కింద, దానికంటే ముందు ఎడ్ల బండి కింద, ఇవాళ ఇంజనీరింగు పిల్లలు చేస్తున్న బగ్గీ కింద ఒకే పని చేస్తూ వచ్చిన వస్తువు గురించి. అదే ఇరుసు.

పడమటి ప్రకాశం బండికి సులువైన నేల కాదు. మార్కాపురం చుట్టూ పలకరాయి గనులు, గిద్దలూరు దాటితే నల్లమల, ఇటు వెలిగొండలు, నడుమ గుండ్లకమ్మ, దానిలో కలిసే వాగులూ వంకలూ. వానకు దిగబడిన గాడి ఎండాకాలానికి రాయిలా గట్టిపడుతుంది. ఈ దారిలో పలకరాయి, కంది, వేరుశనగ మోసిన ఎడ్ల బండికి స్ప్రింగులు లేవు. వాటి బదులు పెద్ద చక్రం ఉండేది. చక్రం ఎంత పెద్దదైతే గుంటలోకి అంత తక్కువ దిగుతుంది, రాయిని అంత సులువుగా ఎక్కుతుంది. మిగిలిన దెబ్బను కొయ్య అతుకులు, మోకు కట్లు పంచుకునేవి. ఏ ఊరి నేలకు ఎంత చక్రం కావాలో, ఇరుసు ఎంత మందం ఉండాలో ఆ ఊరి వడ్రంగికీ కమ్మరికీ తెలుసు. అన్నీ కొలిచి చేసినవే. దుకాణంలో దొరికే సరుకు కాదు.

చక్రానికి ఇనుప పట్టా ఎక్కించే రోజు పిల్లలకు పండగ. ముందు వడ్రంగి నడిమి దిమ్మలో ఆకులు (స్పోకులు) దిగ్గొట్టి, చుట్టూ వంపు చెక్కలు బిగించి చక్రాన్ని నేల మీద పడుకోబెడతాడు. కమ్మరి చక్రం అంచు చుట్టూ తాడు తిప్పి కొలత తీసుకుని, పట్టాను దానికంటే కాస్త తక్కువ చుట్టుకొలతతో అతుకుతాడు. ఎంత తక్కువ అనేదే అతని విద్య. తరవాత పట్టా చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడతారు. ఎర్రగా కాగిన పట్టాను ముగ్గురు నలుగురు పటకార్లతో ఎత్తి చక్రం మీద వేసి, సమ్మెటలతో చుట్టూ సమంగా కొట్టి దించుతారు. చెక్క భగ్గున అంటుకుంటుంది. వెంటనే బిందెలతో నీళ్లు. ఆవిరి పొగలో చెక్కలు కిర్రుమంటూ దగ్గరికి లాక్కుంటాయి. ఒక్క మేకు లేకుండా చక్రమంతా బిగిసిపోతుంది.

ఇందులో లెక్క చూడండి. నాలుగున్నర అడుగుల చక్రానికి చుట్టుకొలత 14 అడుగుల పైచిలుకు. ఇనుము ఒక్కో డిగ్రీ వేడికి లక్షలో ఒక వంతుకు కాస్త ఎక్కువ సాగుతుంది. 600 డిగ్రీలు వేడెక్కితే ఆ పట్టా అంగుళానికి పైగా పెరుగుతుంది. థర్మామీటరు లేని కమ్మరి ఆ అంగుళాన్ని మంట రంగు చూసి పట్టుకునేవాడు. రైల్వే వర్క్‌షాపుల్లో ఆవిరి ఇంజను చక్రాలకు స్టీలు టైరు ఎక్కించిందీ ఇదే పద్ధతిలో. కాచి, సాగదీసి, చల్లార్చి బిగించడమే. దొనకొండ షెడ్డులో నీళ్లు పట్టుకున్న ప్రతి ఇంజన్ కిందా మన కమ్మరి కొలిమి సూత్రమే తిరిగింది.

ఇరుసు మొదట్లో కొయ్యది, తరవాత ఇనుప కడ్డీ అయింది. కడ్డీ నడుమ చదరంగా, కొసలు గుండ్రంగా ఉండేవి. చక్రం జారిపోకుండా కొసలో చీల. రాపిడికి కందెన. ఈ కందెన ఎంత అవసరమో తెలుగువాడికి వేరే చెప్పాలా? కరణాన్ని మంచి చేసుకోకపోతే పని సాగదని చెప్పడానికి సుమతీ శతకకారుడు తెచ్చుకున్న పోలిక బండి ఇరుసుదే.

ఇరుసు విరగడం బండివాడికి పెద్ద కష్టమే, కానీ రైలుకు అది ప్రళయం. 1842 మే 8న ఫ్రాన్సులో వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలుకు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు మంటల్లో చిక్కుకుని యాభై మందికి పైగా చనిపోయారు. అంత మందపాటి ఇనుము ఎందుకు విరిగింది? ఆ ప్రశ్న వెంట చాలామంది పడ్డారు. ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో ఇరుసుల్ని యంత్రాల మీద లక్షల సార్లు తిప్పి చూశాడు. ఒక్కసారికి తట్టుకునే బరువునే పదే పదే వేస్తే లోహం అలసిపోతుందనీ, చివరికి పగులుతుందనీ తేల్చాడు. ఆ పగులు మొదలయ్యేది సాధారణంగా ఇరుసు మెడ దగ్గర. లావు కడ్డీ సన్నబడే మూల పదునుగా ఉంటే అక్కడే చీలుతుంది, గుండ్రంగా వంపు తీస్తే బతుకుతుంది. ఇవాళ లేతు మిషను మీద ఇరుసు కోసే ఏ పిల్లవాడైనా ముందు నేర్చుకోవలసిన పాఠం ఇదే.

ఇక బగ్గీ సంగతి. ఆ మాట మనకు కొత్తది కాదు, మన తాతలు ఎరిగిన గుర్రపు బగ్గీయే. అలాంటి బళ్లకు స్టీలు పట్టీల స్ప్రింగు వేసే పద్ధతికి 1804లో లండన్‌లో ఒబదయా ఇలియట్ పేటెంటు తీసుకున్నాడు. మన మెకానిక్కులు ఆ స్ప్రింగును కమాను కట్ట అంటారు. పారసీలో కమాన్ అంటే విల్లు. ఎంత సరైన పేరు! అమెరికాలో బగ్గీలు చేసే హెన్రీ టిమ్కెన్ 1877లో బగ్గీ స్ప్రింగుకూ, 1898లో టేపర్ రోలర్ బేరింగుకూ పేటెంట్లు పొందాడు. ఇవాళ ట్రాక్టరు ట్రక్కు హబ్బు విప్పితే లోపల ఒకటి, బయట ఒకటి కనిపించేవి ఆ రకం బేరింగులే. వాటిని బిగించే నట్టు కదలకుండా ఒక స్ప్లిట్ పిన్ను ఉంటుంది. నాకు అది ఎప్పుడూ బండి చీల మనవడిలా కనిపిస్తుంది.

కొయ్య చక్రం పోయి టైరు బండి వచ్చినప్పుడు మన ఊళ్లలో పాత లారీల, కార్ల ఇరుసులు ఎడ్ల వెనక చేరాయి. గాలి టైరు, బేరింగు కలిసి ఎద్దు మెడ మీద భారం తగ్గించాయి. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి ఎడ్ల బండిని మెరుగుపరచాలని ఏళ్ల తరబడి దేశమంతా తిరిగి చెప్పింది ఈ భారం గురించే. ఇటు లారీ కింద విరిగిన కమాను పట్టీ కమ్మరి కొలిమికి చేరి కొడవలి అయింది. ఆ స్టీలు ఎలాంటిదో, ఎంత కాచి ఎప్పుడు నీళ్లలో ముంచితే పదును నిలుస్తుందో, ఎక్కడ పెళుసవుతుందో అతను చేతులతోనే తెలుసుకున్నాడు.

సరిగ్గా ఇలాగే ఉన్నదాన్ని కోసి, అతికి, కొత్త బండి చేసినవాడు కాలిఫోర్నియాలోని బ్రూస్ మేయర్స్. పడవలు చేసే ఆయన 1964లో ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు ఇంజనూ సస్పెన్షనూ తీసుకుని ఫైబర్‌గ్లాస్ బాడీతో మేయర్స్ మాంక్స్ అనే ఇసుక బగ్గీ చేశాడు. బీటిల్ ముందు భాగంలో అడ్డంగా రెండు గొట్టాలు, వాటిలో సన్నటి స్టీలు పట్టీల కట్టలు ఉంటాయి. మన కమాను కట్ట వంగితే, ఆ కట్ట మెలి తిరుగుతుంది. 1967లో మేయర్స్, టెడ్ మాంగెల్స్ అదే బగ్గీలో మెక్సికోలోని బాహా ద్వీపకల్పాన్ని లాపాజ్ నుంచి తిహువానా దాకా 34 గంటల 45 నిమిషాల్లో దాటి, అంతకు ముందు మోటారు సైకిళ్ల మీద ఉన్న రికార్డును 5 గంటలకు పైగా తగ్గించారు. రోడ్డు లేని రాళ్ల నేల అది. ఆ తరవాత ఎంతోమంది ఆ గొట్టాల్ని కోసి వెడల్పు చేయడం, చక్రాన్ని పట్టుకునే చేతుల్ని పొడుగు చేయడం, ఇరుసుల్ని సొంతంగా తయారు చేసుకోవడం మొదలుపెట్టారు.

ఆ బాహా పేరుతోనే 1976లో దక్షిణ కరొలైనా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు విద్యార్థుల బగ్గీ పోటీ మొదలైంది. మన దేశంలో అది 2007లో ఇండోర్ దగ్గరి పీతంపూర్‌లో మొదలైంది. పెట్రోలు బగ్గీల్లో అందరికీ ఒకే రకం చిన్న ఇంజను. మిగతాదాంట్లో చాలావరకు పిల్లలే కొలిచి, కోసి, వెల్డింగు చేసుకోవాలి. చాసిస్, చక్రాన్ని పట్టుకునే పై చెయ్యి, కింది చెయ్యి, హబ్బు, ఇరుసు వంటివి. చివరికి నాలుగు గంటల పాటు గుట్టల మీద, గుంటల్లో పరుగు. చాలా బళ్లు మధ్యలోనే ఆగిపోతాయి, తరచుగా సస్పెన్షన్ దగ్గరో ఇరుసు దగ్గరో. పదును పెట్టిన స్టీలు వెల్డింగు వేడి తగిలిన చోట పెళుసవుతుంది. మూల పదునుగా కోసిన చోట అలసట మొదలవుతుంది. వోలర్ చెప్పినదీ, మన కమ్మరికి తెలిసినదీ ఇదే.

దొనకొండలో ఆవిరి షెడ్డు పోయింది. 1990లలో మీటర్ గేజి పట్టాలూ పోయాయి. పట్టా ఎక్కించగల కమ్మరులు, ఆకులు దిగ్గొట్టగల వడ్రంగులు ముసలివాళ్లయ్యారు. మార్కాపురం, గిద్దలూరు చుట్టుపక్కల ఇంజనీరింగు చదివే పిల్లలకు నాదొక మనవి. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఒక సాయంత్రం అలాంటి కమ్మరి పెద్దాయన దగ్గర కూర్చోండి. పట్టా ఎంత తక్కువ కొలిచేవాడో, మంట ఏ రంగు వచ్చాక ఎత్తేవాడో అడిగి రాసుకోండి, ఆయన పేరుతో సహా. మిగతా వాళ్లకూ ఒక మాట. మీ దొడ్లో పాత బండి ఇరుసు ఉంటే పాత ఇనుప సామాన్లకు అమ్మకండి. కొలతలు తీసి, ఏ ఊరిదో రాసి, ఆ ఊరి బడికి ఇవ్వండి.