బందరు రోడ్డు మీది మిక్స్‌డ్ డబుల్స్

గోల్ఫ్ క్లబ్బుల్లో ఆడా మగా జంటగా ఆడే పోటీకి ఒక అందమైన పద్ధతి ఉంది. జంటకు బంతి ఒక్కటే. ఒక దెబ్బ ఆయనది, తర్వాతి దెబ్బ ఆమెది. ఆయన పొదల్లోకి కొట్టిన బంతిని ఆమే బయటికి తియ్యాలి. తప్పూ ఒప్పూ ఇద్దరివీ.

మన కోస్తాలో గోల్ఫ్ 1884 నాటికే వాల్తేరు చేరింది. అక్కడి ఈస్ట్ పాయింట్ క్లబ్బు అప్పటిదే. కృష్ణా డెల్టాలోకి మాత్రం ఆ ఆట దిగలేదు. పద్దెనిమిది గుంతల మైదానానికి వందెకరాలు దాటి కావాలి. కాలవ నీరు పారే మాగాణిని దానికి వదిలే రైతు దివిసీమలో ఎవరుంటారు? వదలకపోవడమే న్యాయం. అందుకే మన దగ్గర జంట ఆట కథ టెన్నిస్, బ్యాడ్మింటన్ దారిన నడిచింది.

1900 పారిస్ ఒలింపిక్స్‌లోనే టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ ఉంది. 1924 తర్వాత ఆగి, 2012లో గానీ తిరిగి రాలేదు. మన ఊళ్లలో అసలు మొదలవడమే ఆలస్యం. ఊలు బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడిన పల్లె కోర్టుల్లో ఆడపిల్లలు గట్టున నిలబడి చూసేవారు. టౌన్ క్లబ్బులంటే మగవాళ్ల సాయంత్రాలు, పేకముక్కలు. సంక్రాంతికి మగవాళ్లకు కబడ్డీ, ఆడవాళ్లకు ముగ్గుల పోటీ. చేతిలో చేవ లేక కాదు, కలిసి ఆడే అలవాటే మనం చెయ్యలేదు.

అయినా ఫలితం వచ్చింది. 2009లో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల్లో గుత్తా జ్వాల, దిజు జంట క్వార్టర్ ఫైనల్ చేరింది. నాకు అంతకన్నా దగ్గరి గెలుపు 2014 ఇంచియాన్ ఆసియా క్రీడలది. బందరు రోడ్డు మీది ఉయ్యూరులో పుట్టిన మైనేని సాకేత్, హైదరాబాదీ సానియా మీర్జాతో కలిసి ఫైనల్లో చైనీస్ తైపీ జంటను 6-4, 6-3 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచాడు. అప్పటికి సానియా మిక్స్‌డ్ డబుల్స్‌లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన క్రీడాకారిణి. అనుభవం ఆమెది, సర్వీసు బలం అతనిది. ఆ కోర్టులో ఎవరు ఎవరికి తోడు అనే ప్రశ్నే లేదు. మన జిల్లా ఆటల చరిత్రలో ఆ సాయంత్రానికి రావలసినంత గుర్తింపు రాలేదన్నది నా బాధ.

2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ, ఓజస్ దేవ్‌తలే కాంపౌండ్ విలువిద్య మిక్స్‌డ్ ఫైనల్లో కొరియా మీద 159-158తో నెగ్గారు. ఒక్క పాయింటు తేడా! 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ విల్లు తొలిసారి అడుగుపెడుతోంది, అదీ మిక్స్‌డ్ పోటీగానే. గోల్ఫ్‌లోనూ అక్కడే మిక్స్‌డ్ జట్ల పోటీ చేరింది.

బందరు, గుడివాడ, అవనిగడ్డ క్లబ్బుల పెద్దలకు నా విన్నపం: వచ్చే సంక్రాంతి పోటీల జాబితాలో ముగ్గుల పక్కనే మిక్స్‌డ్ డబుల్స్ కూడా రాయండి.