కల్యాణ రాజుల గాలపు వినోదము

మేము ఉద్యోగరీత్యా బీదరు వచ్చి పన్నెండేండ్లైనది. రైల్వేలో గుమాస్తా పని, మెట్రిక్యులేషను చదువు. చరిత్ర పరిశోధన మా వృత్తి కాదు. అయినను గత ఉగాదినాడు ఒక పసివాడు వేసిన ప్రశ్న మాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది.

ఆనాడు పచ్చడి పుచ్చుకొని అందరము పంచాంగ శ్రవణమునకు కూర్చుంటిమి. మా సంఘములోని ఒక కుటుంబమువారి పిల్లవాడు ఫోనులో ఒక దృశ్యము తెచ్చి చూపెను. అమెరికాలోనున్న వాని మేనమామ సెలవులకు కారిబియన్ సముద్రములోని ఒక దీవికి పోయి, మోకాటిలోతు నీటిలో నిలిచి చేపను పట్టుచున్నాడు. గాలమునకు వానపాము లేదు, పిండి లేదు. రొయ్యపిల్లను పోలునట్లు ఈకలు, దారములు చుట్టిన గాలమే అక్కడ ఎర. ఆ చేపను బోన్‌ఫిష్ అందురు. మన మాటలో ముళ్ళచేప యనవచ్చును. వెండివలె మెరయు ఆ చేప లోతులేని నీటిలో తల క్రిందికి వంచి పీతలను, రొయ్యలను వెదకునప్పుడు తోక మాత్రము నీటిపై తేలును. ఏ మాత్రము అలికిడియైనను మాయమగును. పట్టినవారు చాలవరకు దానిని మరల నీటిలోనే విడిచిపెట్టుదురు.

"బాబాయిగారూ, మన రాజులకు ఇలాంటి ఆటలు తెలియవా? వలలు వేయడమేనా?" అని వాడడిగెను. మాకు జవాబు తోచలేదు. పదిమందిలో నవ్వి ఊరకుంటిమి గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తరువాత తెలిసినది, జవాబు మన బీదరు జిల్లాలోనే కలదని! నేటి బసవకల్యాణమే నాటి కల్యాణ పురము. కల్యాణమనగానే మన తెలుగువారికి బసవేశ్వరుడు, ఆయన కథను తెలుగున వ్రాసిన పాల్కురికి సోమనాథుడు స్ఫురింతురు. బసవేశ్వరునికి ముందు అది పశ్చిమ చాళుక్యుల రాజధాని. ఆ వంశమువాడైన ఆరవ విక్రమాదిత్యుడు 1076లో, నల నామ సంవత్సరమున, తన పేర కొత్త శకమునే నెలకొల్పెను. మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు ఆయన కొలువువాడే. మన ఓరుగల్లు కాకతీయులును మొదట ఈ చాళుక్యులకు సామంతులే.

విక్రమాదిత్యుని కుమారుడు మూడవ సోమేశ్వరుడు. 1126 ప్రాంతమున సింహాసనమెక్కి సుమారు పండ్రెండేండ్లు ఏలెను. ఈ రాజు 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథము రచించెను. దీనికే అభిలషితార్థ చింతామణి యని మరియొక పేరు. ఇరువదేసి అధ్యాయముల చొప్పున అయిదు భాగములు, వెరసి నూరు అధ్యాయములు. రాజ్యపాలన, వైద్యము, వంట, సంగీతము, చిత్రలేఖనము మొదలు సమస్తమును అందు కలవు. బరోడా నుండి గాయక్వాడ్ గ్రంథమాలలో ఇది 1925 మొదలు మూడు సంపుటములుగా అచ్చైనది.

వినోదములు చెప్పు భాగములో మత్స్యవినోదమను అధ్యాయమొకటి కలదు. సముద్రపు చేపలేవి, నదుల చేపలేవి, పొలుసున్నవేవి, లేనివేవి అని విభజించి సుమారు 35 రకములను రాజు పేర్కొనెను. ఏ చేపకు ఏ మేత వేయవలెనో చెప్పి, గాలము, దారము, కర్రల సంగతియు వివరించెను. జంతుశాస్త్రజ్ఞుడు సుందర్‌లాల్ హోరా 1951లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో దీనిని గూర్చి వ్యాసము ప్రకటించి లోకమునకు తెలియజెప్పెను. ఇంగ్లీషులో గాలపు వేటపై తొలుత అచ్చైన గ్రంథము 1496 నాటిది. అనగా మన సోమేశ్వరుడు దానికి మూడున్నర శతాబ్దముల ముందువాడు.

అయితే అన్నియు మనవారే కనుగొనిరని గొప్పలు చెప్పుట మా ఉద్దేశము కాదు. ఈకల గాలము సోమేశ్వరునిది కాదు. మాసిడోనియాలో జాలరులు ఎర్రని ఉన్ని, ఈకలు కట్టిన గాలముతో చేపలు పట్టుచుండిరని రోము దేశపు ఏలియన్ క్రీ.శ. 200 ప్రాంతముననే వ్రాసెను. ఎవరి గొప్ప వారిది. సోమేశ్వరుని గొప్ప యేమనగా, పట్టుటకు ముందు చేపను తెలిసికొనవలెను, దాని ఉనికి, తిండి ఎరుగవలెనని చెప్పుట. దీవిలోని మేనమామ చేయుచున్నదియు అదే గదా! ఓర్పు లేనివానికి రెండు చోట్లను చేప చిక్కదు.

మరియొక మాట. 1956 నవంబరు 1న రాష్ట్రములు మారినప్పుడు బీదరు కన్నడసీమలో చేరినది. ఈ జిల్లాలోనిదే యైన నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. మంజీర మాత్రము మహారాష్ట్రమున పుట్టి, మన బీదరు జిల్లా గుండా పారి, తెలంగాణలో గోదావరిని కలియుచున్నది. అందలి చేపకు సరిహద్దు తెలియదు. ఇంటివద్ద తెలుగు, బడిలో కన్నడము మాటలాడు మన పిల్లలు, ఈ గడ్డ చరిత్ర తమది కాదని యేల యనుకొనవలెను?

ఈ వ్యాసము పూర్తిచేసి ఆ పిల్లవానికి చదివి వినిపించితిమి. వాడు శ్రద్ధగా విని, "అయితే కల్యాణం కోట ఎప్పుడు చూపిస్తారు బాబాయిగారూ?" అనెను. సెలవు చీటి వ్రాసి ఉంచితిమి. పాఠక సోదరులును తమ పిల్లలతో మాకు తోడు వచ్చెదరు గాక!