తూకానికి వెయ్యని ఇనుము

మా విజయనగరం పేరెత్తితే అందరికీ ముందు సంగీతమే గుర్తుకొస్తుంది. 1919లో సంగీత కళాశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి తొలి ప్రిన్సిపాల్ అయిన ఊరు కాబట్టి అది న్యాయమే. కానీ ఈ ఊరు దండీలనూ బస్కీలనూ కూడా విద్య కిందే లెక్కగట్టింది. 1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గారు పినతండ్రి దగ్గర ఇక్కడే పెరిగారు. ఇక్కడే వ్యాయామశాల పెట్టి కుర్రాళ్లను తయారుచేశారు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపిన మనిషి ఆయన.

తరవాతి తరాల్లో, బలం కోసం ఎత్తే సంగిడి రాయి పక్కకి ఇనుప బార్ వచ్చి చేరింది. ఆ పాత బార్ గురించి కాస్త చెప్పాలి. నేటి పోటీల్లో వాడే బార్ పురుషులకు 20 కిలోలు, స్త్రీలకు 15. దాని చివర్లు వాటంతట అవి తిరుగుతాయి కాబట్టి బరువు భుజాల మీదికి వచ్చేటప్పుడు మణికట్టుకి మెలిక పడదు. మా పాత బార్లు ఉత్త కమ్మీలు. ప్లేట్లతో పాటు మణికట్టూ తిరగాల్సిందే. ప్లేట్లకి రబ్బరు తొడుగు లేదు, అంతా పోత ఇనుము. పైనుంచి వదిలేస్తే పగిలిపోతాయి. అందుకని ఎత్తినవాడు నడుం బిగబట్టి మళ్లీ మెల్లగా దించేవాడు. పట్టు కోసం చెక్కిన గరుకు రెండు చేతులూ పడేచోట పూర్తిగా అరిగి నున్నబడింది, నడిమధ్యన మాత్రం అలాగే ఉంది. ఎన్ని తరాల చేతులు పడితే ఇనుము అలా అరుగుతుందో నాకు ఊహకందదు.

ఈ ఉత్తరాంధ్ర నేల మీదే, ఆముదాలవలస దగ్గరి ఊసవానిపేటలో, నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణలో కరణం మల్లీశ్వరి బరువులెత్తడం నేర్చుకుంది. స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో తొలిసారి పెట్టింది 2000లో, సిడ్నీలో. అక్కడ మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో, రెండు లిఫ్టుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. మా నెల్లిమర్ల పక్క కొండవెలగాడ నుంచి మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ పోటీలకి వెళ్లి పతకంతో తిరిగొచ్చింది. వీళ్ల వెనక ఉన్నవి పల్లెటూళ్ల వ్యాయామశాలలే. అక్కడ బార్ ఎవరి సొంతమూ కాదు. అన్న వదిలిన చోట తమ్ముడు పట్టుకుంటాడు, అక్క పక్కన నిలబడి చెల్లి లెక్కపెడుతుంది.

ఇప్పుడు కొత్త సామాన్లు వస్తున్నాయి. రావాలి కూడా. వంగిన బార్‌తో పిల్లల చేత సాధన చేయించమని నేననను, దెబ్బ తగిలితే ఆ వయసు మళ్లీ రాదు. కానీ కొత్తవి రాగానే పాతవాటిని ఇనప కొట్టుకి వేసేద్దామంటే నాకు మనసొప్పదు. మా వీధి వ్యాయామశాలలో ఆ మాట వచ్చినప్పుడు ఓ పెద్దాయన ప్లేటు మీద చెయ్యేసి, “దీన్ని తూకానికి వేస్తే ఎంతొస్తాది బాబూ, మా గురువుగారి చెయ్యి పడ్డ ఇనుము ఇది” అన్నారు. ఇంక ఎవరూ బేరం ఎత్తలేదు.

నా కోరిక ఒకటే. ప్రతి పాత బార్‌నీ తుడిచి, నూనె రాసి, గోడకి బిగించి, దాన్ని ఎవరెవరు ఎత్తారో గుర్తున్నవాళ్లని అడిగి కింద పేర్లు రాయించాలి. పతకాలు రాని వాళ్ల పేర్లు కూడా. చెప్పగలిగిన పెద్దలు ఇంకా ఈ వీధుల్లో ఉన్నారు. పని ఈ ఏడే మొదలవ్వాలి.