ఇంటెన్సివ్ కేర్‌లో రోగి పర్యవేక్షణ

ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగి నాడి, రక్తపోటు, శ్వాస, రక్తంలోని ఆక్సిజన్, మూత్ర పరిమాణం, స్పృహ ఎలా మారుతున్నాయో ఎడతెగకుండా కనిపెట్టి, దాన్నిబట్టి చికిత్సను సవరించే పద్ధతి.

తొలి దశ: నాడి చూసి రోగస్థితి చెప్పే విద్య మన దేశంలో శతాబ్దాల నుంచీ ఉంది. కొలతలు 19వ శతాబ్దంలో స్థిరపడ్డాయి. 1868లో జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ జ్వరపట్టికలపై గ్రంథం ప్రచురించాడు. 1896లో ఇటలీకి చెందిన రివా-రోచి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు కొలిచే సాధనం తయారుచేయగా, 1905లో రష్యన్ వైద్యుడు కొరొట్కోవ్ పట్టీ కింది ధమని శబ్దాలను స్టెతస్కోపుతో వినే పద్ధతి చెప్పాడు.

కోపెన్‌హాగెన్: 1952లో ఆ నగరంలోని బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి పోలియో రోగులు వెల్లువెత్తారు. ఆక్సిజన్ అందుతున్నందున కొందరి ఒళ్లు నీలం తిరగలేదు, అయినా చనిపోతున్నారు. రక్తంలో పెరిగిన బైకార్బొనేట్‌ను వైద్యులు క్షారగుణంగా భావించారు. అది బయటికి పోలేక నిలిచిపోయిన కార్బన్ డయాక్సైడ్ ప్రభావమని నిశితంగా గుర్తించినవాడు మత్తుమందు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్. ఆగస్టు 27న ఒక బాలికకు గొంతు కింద రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి పోశాడు. తర్వాత దాదాపు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా అదే పని చేశారు. 80 శాతానికి పైగా ఉన్న మరణాలు సగానికి తగ్గాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ కోపెన్‌హాగెన్‌లోనే మరో ఆసుపత్రిలో ప్రత్యేక వార్డు నెలకొల్పాడు. నేటి ఐ.సి.యు.కు అదే మూలం.

యంత్రయుగం: 1970లో గుండెలోని ఒత్తిడి కొలిచే స్వాన్, గాంజ్‌ల బెలూన్ క్యాథెటర్, 1974లో గ్లాస్గో స్పృహ కొలమానం వచ్చాయి. అదే ఏడు జపాన్‌లో అయోయాగి టకువో రక్తంలోని ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సిమీటర్ సూత్రాన్ని వెల్లడించాడు. భారతీయ క్రిటికల్ కేర్ వైద్యుల సంఘం 1993లో ఏర్పడింది.

భిలాయి: పారిశ్రామిక ప్రమాదాల్లో ఈ పర్యవేక్షణ ఎంత అవసరమో ఈ ఉక్కు పట్టణం చూపుతుంది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. సెక్టర్ 6 మొదలైన టౌన్‌షిప్ సెక్టర్ల కార్మిక కుటుంబాలకు, వాటిలోని తెలుగువారికి, పెద్దాసుపత్రి సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి. 2014 జూన్ 12న కర్మాగారం పంపుహౌస్‌లో గ్యాస్ లీకై ఆరుగురు మరణించారు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను వద్ద చెలరేగిన మంటల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు.

ఉక్కు పట్టణపు ఐ.సి.యు.లో విషవాయువు, మంటలు అనే ఈ రెండు రకాల ప్రమాదాలకూ వేర్వేరు జాగ్రత్తలు కావాలి. బ్లాస్ట్ ఫర్నేస్ వాయువులో నాలుగో వంతు దాకా కార్బన్ మోనాక్సైడ్ ఉండవచ్చు. అది పట్టిన హిమోగ్లోబిన్‌ను మామూలు పల్స్ ఆక్సిమీటర్ ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కిస్తుంది. మెదడుకు ఆక్సిజన్ చాలకపోయినా తెరపై 98 శాతం కనబడవచ్చు. అందుకే ధమని రక్తాన్ని, కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను విడిగా కొలిచే కో-ఆక్సిమీటర్‌తో పరీక్షిస్తారు. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే ఆ విషవాయువు సగానికి తగ్గే వ్యవధి నాలుగైదు గంటల నుంచి గంటా గంటన్నరకు దిగుతుంది. కాలిన రోగికైతే నర్సు గంటగంటకూ యూరిన్ బ్యాగు చూసి రాస్తుంది. 60 కిలోల మనిషికి గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గితే సెలైన్ వేగం పెంచాల్సిన అవసరం ఉందేమో చూస్తారు.

ఇటీవలి కాలం: కోవిడ్‌తో ఆక్సిమీటర్ ఇళ్లలోకి చేరింది. ముదురు రంగు చర్మం ఉన్నవారిలో అది ఆక్సిజన్‌ను ఎక్కువ చేసి చూపే అవకాశముందని 2020లో అమెరికా పరిశోధకులు తెలిపారు. రోగి వాలకానికీ తెరపై అంకెకూ పొంతన కుదరనప్పుడు రక్తపరీక్షతో సరిచూడడం నేటి ఆనవాయితీ.