నీరటికాడు మొదలు చేతిపలక గణకయంత్రము వఱకు



చెఱువు క్రింద సేద్యము సాగిన గ్రామములలో నీరటికాడు అను నొక పనివాడు ఉండెడివాడు. ఆతని వృత్తి రెండు మాటలలో ముగియును: చూచుట, తూము తీయుట. ఆయకట్టులో ఏ మడి యెండినదో, చెఱువులో నీ రెంత మిగిలినదో చూచి, తదనుగుణముగా తూమును ఎత్తుటయో దించుటయో చేసెడివాడు. మోట తోలువాడును అట్టివాడే. బాన నిండిన సంగతి తాడు బరువు చెప్పినంతనే యెడ్లను కదలించెడివాడు. కన్ను తెలిపినదానిని చేయి నెఱవేర్చును. నడుమ మనస్సు తీర్పరి. జ్ఞానేంద్రియములు, కర్మేంద్రియములు, ఉభయములకు పెద్దయైన మనస్సు అని మన శాస్త్రకారులు చేసిన విభాగమునకు బడిపిల్లలయెదుట నేను ఈ యుదాహరణమునే చెప్పెడివాడను.

ఈ చూచుట, చేయుట అను రెండును మనుష్యునినుండి యంత్రమునకు ఎట్లు సంక్రమించెనో, అందు మన హైదరాబాదునకు గల పా లెంతయో నేడు విన్నవించెదను.

మొదట చేయి యేర్పడినది. 1835వ సంవత్సరమున అమెరికా దేశస్థుడగు జోసెఫ్ హెన్రీ ‘రిలే’ అను ఉపకరణమును కల్పించెను. తీగ చుట్టిన యినుపముక్కలో అల్పమైన విద్యుత్తు ప్రవహించినచో అది అయస్కాంతమై యొక యినుప నాలుకను లాగును. ఆ నాలుక వేఱొక పెద్ద విద్యుత్ప్రవాహమునకు తలుపు తెఱచును. అంకుశము చిన్నదే, ఏనుగు పెద్దది. తంతివార్త దూరదేశములకు ప్రాకినది ఈ కిటుకు చేతనే. అయితే ఆ చేతికి ఎప్పుడు తెఱవవలెనో, ఎప్పుడు మూయవలెనో తెలియదు. దానికి మనస్సు కావలెను.

ఆ మనస్సును మన దేశమున కూర్చినవారిలో ముఖ్యుడు తెలుగువాడగుట మనకు సంతోషకరము. అయ్యగారి సాంబశివరావుగారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున జన్మించిరి. కాశీ హిందూ విశ్వవిద్యాలయమునందును, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డునందును చదివిరి. 1956 ఆగష్టు 4వ తేదీన ట్రాంబేలో ‘అప్సర’ యను అణుయంత్రము పనిచేయుట ప్రారంభించినప్పుడు దాని నియంత్రణ సాధనములను నిర్మించినది ఆయన నాయకత్వమున నున్న బృందమే. అణుయంత్రములోనికి తొంగిచూచుటకు వీలులేదు, చేయి పెట్టుటకు అసలే వీలులేదు. చూచుటయు చేయుటయు తీగల ద్వారానే జరుగవలెను. పలు అణుయంత్రములలో ఇంకొక యేర్పాటు కలదు. విద్యుత్తు పోయినచో, అగ్నిని అణచు దండములు తమ బరువు చేతనే దిగిపడును. అనగా ఆజ్ఞ యందకపోవుటయే ‘ఆగుము’ అను ఆజ్ఞ. ఈ మాటను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెనని నా ప్రార్థన. తరువాత దీనితో పని యున్నది.

ఆ విద్య 1967 ఏప్రిల్ 11న హైదరాబాదున వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాతో మన యూరికి వచ్చెను. ఆ సంస్థకు ఆద్యులు సాంబశివరావుగారే. నేడు ఎ. ఎస్. రావు నగరమని జనులు పిలుచు పేట ఆయన పేరిటిదే. 1969లో టి.డి.సి.-12 అను గణకయంత్రము స్వదేశమున తయారయ్యెను. ఆనాటి గణకయంత్రములు బీరువాలంతేసి యుండెడివి. వాని నిలుపుటకు చల్లని గది, కాచుటకు ఉద్యోగులు కావలసియుండిరి. రైతు వాని గడప తొక్కునని ఎవరును తలపలేదు.

వానిని గుప్పిటిలోనికి తెచ్చిన కథలో ఒక రేడియో సంస్థకు పా లుండుట రేడియో వినువారికి ముచ్చట గొలుపగలదు. 1981 డిసెంబరులో ఇంగ్లండు దేశపు బి.బి.సి. తన పేరిట నొక చిన్న గణకయంత్రమును వెలువరించి, ప్రసారముల మూలమున ప్రజలకు దాని నుపయోగించుట నేర్పెను. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అను సంస్థ దానిని నిర్మించెను. దాని యడుగుభాగమున, బయటి వస్తువులతో సంభాషించుటకై తీగలు తగిలించు స్థాన మొకటి యుండెను. ఆ వసతి వలన బాలురు దీపములు వెలిగించిరి, బొమ్మబండ్లు నడిపిరి. కాలము గడచినకొలది బజారు గణకయంత్రములు మూతపెట్టిన పెట్టెలైపోయినవి. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రము చదువవచ్చు విద్యార్థుల సంఖ్యయు, నేర్పును తగ్గుట చూచి, ఎబెన్ అప్టన్ మొదలగువారు 2012 ఫిబ్రవరి 29న ‘రాస్ప్‌బెర్రీ పై’ యను పలకను వెలువరించిరి. అది 85 మిల్లీమీటర్ల పొడవు, 56 మిల్లీమీటర్ల వెడల్పు. పోస్టుకార్డులో సగమైనను లేదు. అయినను సంపూర్ణమైన గణకయంత్రము.

దాని యంచున రెండు వరుసలలో ఇత్తడి ముండ్లవలె నిలిచిన పిన్నులు కలవు. మొదట 26 ఉండెను; 2014లో 40 అయ్యెను. వానిలో 8 భూమికి, 4 విద్యుత్తు నొసగుటకు, రెండు ప్రత్యేకకార్యమునకు పోగా మిగిలిన 26 పిన్నులును మన యధీనములు. వీని విశేష మేమన, ఏ పిన్ను జ్ఞానేంద్రియమో ఏది కర్మేంద్రియమో పుట్టుకతో నిర్ణయింపబడలేదు. ‘నీవు వినుము’ అని వ్రాసిన అది వినును, ‘నీవు చేయుము’ అని వ్రాసిన చేయును. దాని భాషలో అక్షరములు రెండే: 3.3 వోల్టు లున్నచో అవును, లేకున్నచో కాదు. తడి ‘ఎంత’ యని యడిగిన దానికి తెలియదు. కొలిచి చెప్పుటకు వేఱొక చిప్పు కావలెను. 5 వోల్టుల తీగ నేరుగా తగిలించినచో పలక చెడవచ్చును. అందుచేత పిన్ను ఒక ట్రాన్సిస్టరును, అది రిలేను, రిలే స్టార్టరులోని కాంటాక్టరును, కాంటాక్టరు 400 వోల్టుల మోటారును కదల్పవలెను. హెన్రీగారి నాలుక నేటికిని ఉద్యోగమున నున్నది.

ఇక మన బావుల మాట. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. కాని అది విడతలుగా, తఱచుగా రాత్రివేళ వచ్చెడిది. చీకటిలో మోటారు వేయబోయి పాముకాటునకు, విద్యుదాఘాతమునకు బలియైన రైతుల వార్తలు మీరును వినియుందురు. అందుకు విరుగుడుగా ఆటోస్టార్టరు వచ్చెను. కరెంటు వచ్చినంతనే మోటారు తనంతట తిరుగును. ప్రాణభయము తీఱెను గాని ఇంకొక భయము పుట్టెను. ఆ పరికరమునకు జ్ఞానేంద్రియ మొక్కటే: కరెంటు వచ్చినదా? మడి తడిసినదా యని అది యడుగదు, బోరులో నీరున్నదా యని యడుగదు. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలుపెట్టబోవుచు, భూగర్భజలము హరించిపోవునను భీతితో 2017లోనే ప్రభుత్వము ఆటోస్టార్టర్లను తీసివేయుడని రైతులను కోరవలసివచ్చెను. నా యభిప్రాయమున తప్పు యంత్రమునకు చేయి యిచ్చుటలో లేదు; కన్ను ఇయ్యకుండ చేయి యిచ్చుటలో నున్నది.

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము చుట్టును, అశోక్‌నగర్ సందులలోను, నారాయణగూడ వఱకును, ఉద్యోగపరీక్షలకు చదువు పల్లెటూరి యువకులు గదులు అద్దెకు తీసికొని యుందురు. వారిలో ఇంజనీరింగు ముగించిన యొక కుఱ్ఱవాడు, కోఠీలోని గుజరాతీ గల్లీలో రిలేలు, తీగలు కొనివచ్చి, తన తండ్రి బోరుకొఱకు ఇట్టి సాధనము సిద్ధపఱచెను. మన్నులో రెండు శలాకలు గ్రుచ్చియుండును. మన్ను ఎండినచో పలకకు ‘అవును’ అని తెలియును, అంతట మోటారు తిరుగును. తండ్రి సంక్రాంతికి నగరమునకు వచ్చినప్పుడు నేనును అచ్చట నుంటిని. ఆయన చదివినది నాలుగవ తరగతి. అంతయు విని, “నాయనా, ఎలుక తీగ కొఱికితే ఏమగును?” అని యడిగెను.

కుఱ్ఱవాడు తీగ నూడదీసి చూపెను. మోటారుకు బదులుగా పెట్టిన దీపము వెలిగెను, ఆరలేదు.

దీనికి కారణము చెప్పవలెను. ఏ తీగయు తగులని పిన్ను నిశ్చయముగా ఏమియు చెప్పదు, అవుననును, కాదనును. చీకటిలో మోడును చూచి, ఇది మ్రోడో మనుష్యుడో యను నైయాయికుల సంశయము వంటిది. ఆ సంశయము తీర్చుటకు చిన్న నిరోధక మొకటి పెట్టుదురు. దానిని 3.3 వోల్టుల వైపు కట్టినచో తీగ తెగిన పిన్ను ‘అవును’ అనును. భూమి వైపు కట్టినచో ‘కాదు’ అనును. కుఱ్ఱవాడు పై వైపు కట్టియుండెను. కావున ఎలుక కొఱికిన తీగ ‘మన్ను ఎండినది’ అని చెప్పి, బోరు అడుగంటువఱకు మోటారును త్రిప్పియుండెడిది. ట్రాంబేలోని పండితులు తమ దండములకై ఆలోచించిన ప్రశ్నయు, ఈ వృద్ధుని ఎలుక ప్రశ్నయు ఒక్కటే.

నిరోధకమును భూమి వైపునకు మార్చుటకు పది నిమిషములు పట్టెను. మరల తీగ నూడదీయగా దీప మారిపోయెను. తండ్రి సంతసించెను గాని, ఒక నియమము పెట్టెను: స్టార్టరు పెట్టెమీది ఎఱ్ఱమీటను మాత్రము తీయరాదు. దాని తీగ పలక గుండ పోక, తిన్నగా కాంటాక్టరునకే పోవలెను. అట్లే చేసిరి. పలక ఏమన్నను ఆ మీట నొక్కినచో మోటారు ఆగును.