విశాఖలో గది ఎక్కడ తీసుకోవాలి, ఎక్కడ తినాలి? శ్రీకాకుళం, విజయనగరం నుంచి వెళ్లేవారి కోసం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి పెద్ద ఊరంటే విశాఖపట్నమే. ఆసుపత్రికో, పరీక్షకో, వీసా కాగితాలకో ఎప్పుడో ఒకప్పుడు వెళ్లక తప్పదు. సరదాగా బీచ్ చూడ్డానికి వెళ్తే గది కాస్త దూరమైనా నడిచిపోతుంది. ఇంట్లో మనిషిని ఆసుపత్రిలో చేర్చి బయట ఉండాల్సి వస్తే మాత్రం గది, భోజనం, ఆటో కలిపి అయ్యే ఖర్చు వారం తిరిగేసరికి మందుల ఖర్చుతో పోటీ పడుతుంది. అందుకే గది అద్దె ఒక్కటే చూసి బుక్ చేయకండి. రోజుకు మొత్తం ఎంతవుతుందో లెక్క వేసుకోండి.

పని ఎక్కడుంది?

‘వైజాగ్‌లో గది’ అని వెతికితే ఫోన్ బీచ్ రోడ్డు హోటళ్లను ముందు చూపిస్తుంది. మీ పని మధురవాడలో ఉండొచ్చు, అగనంపూడిలో ఉండొచ్చు. ఆ రెండూ నగరానికి చెరో కొస.

కేజీహెచ్‌కు వెళ్లేవారికి జగదాంబ, డాబాగార్డెన్స్ ప్రాంతాల లాడ్జీలు అనుకూలం. రైల్వే స్టేషన్ నుంచి, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి కూడా అక్కడికి పెద్ద దూరం లేదు. విమ్స్‌కు వెళ్లేవారు అసలు నగరంలోకి రావాల్సిన పనే లేదు. అది హనుమంతవాక దగ్గర హైవే పక్కనే ఉంది. శ్రీకాకుళం నుంచి వచ్చే బస్సు మధురవాడ దాటాక అటుగానే వెళ్తుంది. అక్కడే దిగిపోండి. కాంప్లెక్స్ దాకా వెళ్లి మళ్లీ వెనక్కి ఆటో కట్టించుకునేవారు రోజూ కనిపిస్తారు.

హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి సంగతి వేరు. అది అగనంపూడిలో, గాజువాక కూడా దాటాక ఉంటుంది. కాంప్లెక్స్ దగ్గర చవకగా గది దొరికిందని తీసుకుంటే రోజూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరగాలి. కీమో చేయించుకుంటున్న మనిషితో ఆ ప్రయాణం నరకం. కూర్మన్నపాలెం, గాజువాకల్లో వెతకండి. రైల్లో వస్తుంటే మీ బండి దువ్వాడలో ఆగుతుందేమో చూసుకోండి, ఆసుపత్రికి దగ్గర స్టేషన్ అదే. రోజుల తరబడి చికిత్స ఉంటుందని చెబితే, తక్కువ ఖర్చులో వసతి ఏదైనా ఉందా అని ఆసుపత్రిలోని మెడికల్ సోషల్ వర్కర్‌ను మొదటి రోజే అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, వాళ్ల ఉద్యోగమే అది.

ఉద్దానం వైపు కిడ్నీ రోగులైతే ముందు పలాసలో కనుక్కోండి. 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో అక్కడ ప్రారంభమయ్యాయి. విశాఖ దాకా రావాల్సిన అవసరమే ఉండకపోవచ్చు.

పరీక్ష రాసేవారు హాల్ టికెట్‌లో ‘విశాఖపట్నం’ అన్న మాట దగ్గరే ఆగకండి. సెంటర్ చినముషిడివాడ అయితే విజయనగరం నుంచి ప్యాసింజర్ రైల్లో పెందుర్తిలో దిగితే చాలు, గదితో పని లేదు.

అసలు గది కావాలా?

విజయనగరం పట్నం నుంచి విశాఖ 60 కిలోమీటర్ల లోపే. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. నాన్‌స్టాప్ బస్సులకు ఇది వర్తించదు కాబట్టి ఎక్కే ముందు బోర్డు చూడండి. రోగి దగ్గర ఉండేది అమ్మో, చెల్లెలో అయితే ఒకరు రాత్రికి ఉండి, మరొకరు పొద్దున బస్సుకు వచ్చి మారడం గదికన్నా చౌక. శ్రీకాకుళం నుంచి 100 కిలోమీటర్లు దాటుతుంది, రోజూ అంటే కష్టం.

చెకౌట్ ఎప్పుడు?

అద్దె అడిగే ముందు ఈ మాట అడగండి. కొన్ని లాడ్జీలు 24 గంటల లెక్కన ఇస్తాయి. మీరు ఉదయం 6కి దిగితే మర్నాడు ఉదయం 6 దాకా ఒకే రోజు. మరికొన్నిచోట్ల, ముఖ్యంగా ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునే హోటళ్లలో, మధ్యాహ్నం 12కి రోజు మారుతుంది. ఓపీ కోసం తెల్లవారుజామున దిగే మనవాళ్లకు అక్కడ రెండు రోజుల అద్దె పడే ప్రమాదం ఉంది. లిఫ్ట్ ఉందా, బాత్‌రూమ్‌లో వెస్టర్న్ టాయిలెట్ ఉందా అన్నవి ఫొటోలు చూసి తేల్చుకోవద్దు, ఫోన్ చేసి అడగండి.

రైల్వే రిటైరింగ్ రూములు ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. కన్ఫర్మ్ లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్‌ఆర్ నంబరు అడుగుతుంది.

సింహాచలం చందనోత్సవం, ఆషాఢ పౌర్ణమి ముందు జరిగే గిరి ప్రదక్షిణ, డిసెంబరు చివరి వారం... ఈ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. వాయిదా వేసుకోగలిగిన పనైతే వేసుకోండి.

భోజనం సంగతి

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరిన రోగికి భోజనం ప్యాకేజీలోనే ఉంటుంది. పక్కన ఉండే మనిషికి ఉండదు. అన్న క్యాంటీన్‌లో టిఫిన్ అయినా భోజనమైనా 5 రూపాయలే. ఉదయం 7.30 నుంచి 10, మధ్యాహ్నం 12.30 నుంచి 3, రాత్రి 7.30 నుంచి 9 వరకు పెడతారు. ఆదివారం సెలవు, ఆ రోజుకు వేరే ఏర్పాటు చూసుకోండి. ఇక కర్రీ పాయింట్లు. ఇద్దరు ముగ్గురు ఉంటే ఫుల్ మీల్స్ కన్నా అన్నం, పప్పు, ఒక కూర పార్శిల్ తెచ్చుకోవడం లాభం. కొత్తచోట ఏది మంచిదో తెలియకపోతే జనం ఎక్కువగా ఉన్నచోట తినండి. అమ్ముడవుతుంటే వండినది నిలవ ఉండదు. రోగికి తెచ్చేదైతే వేపుళ్ల జోలికి వెళ్లకండి.

బిల్లు, ఐడీ, అడ్వాన్సు

రోజుకు 7,500 రూపాయల లోపు గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. 12 వేస్తే ప్రశ్నించండి. జీఎస్టీ నంబరు లేని లాడ్జి అసలు జీఎస్టీ వసూలు చేయకూడదు. రెస్టారెంట్లు సర్వీస్ చార్జీని తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022లోనే చెప్పింది. తీసేయమంటే తీసేయాలి, లేకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు.

ఐడీ అడిగితే ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్స్ ఇవ్వొచ్చు. ఆధారే ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఉంచుకోండి.

దేవస్థానం కాటేజీలు, పేరున్న హోటళ్ల పేరుతో నకిలీ సైట్లు తిరుగుతున్నాయి. గూగుల్‌లో దొరికిన నంబరుకు ఫోన్ చేయగానే యూపీఐలో మొత్తం అడ్వాన్సు పంపమంటే అక్కడే ఆగండి. పంపేశాక మోసమని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఖాతాలోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.